బంతిలో చివరి విస్తరి

(మారథాన్‌కి ముందు జరిగిన వాలంటీర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఎక్కువగా కాలేజీ పిల్లలే కనిపిస్తున్నారు. ఆదివారం పూట తెల్లవారుజామున రెండున్నరకి లేచి, చీకట్లో నీళ్ల డబ్బాలు మోయడానికి ఇంతమంది ఒప్పుకున్నారంటేనే నాకు కడుపు నిండినట్టుంది. మీ ఇళ్లలో అమ్మలకి కూడా నా నమస్కారాలు చెప్పండి. ఆ రాత్రి మీతోపాటు వాళ్లకీ నిద్ర ఉండదు.

నా వయసు 54. బ్యాంకు ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఇల్లు. పరుగు మొదలుపెట్టింది 47వ యేట. ఇప్పటికి ఐదు ఫుల్ మారథాన్లు పూర్తిచేశాను. వాటిలో అన్నిటికంటే తక్కువ సమయం 6 గంటల 21 నిమిషాలు. అంటే కిలోమీటరుకి 9 నిమిషాలు. కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టుమ్ 2023లో షికాగో మారథాన్‌ని 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. ఆ తర్వాత నాలుగు నెలలకే, 24 ఏళ్ల వయసులో, కారు ప్రమాదంలో పోయాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అతను ముగింపు గీత దాటేంత సమయంలో నేను 14వ కిలోమీటరు రాయి కూడా చూడను. అయినా ఇద్దరం పరిగెత్తేది అదే 42 కిలోమీటర్ల 195 మీటర్లు.

దూరం ఒకటే గానీ రోడ్డు ఒకటి కాదు. ఈ సంగతి చెప్పడానికే వచ్చాను.

మన హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. చీకటి ఉండగానే నెక్లెస్ రోడ్డు మీద బయలుదేరతాం. హుస్సేన్ సాగర్ మీంచి గాలి వస్తుంటుంది, చుట్టూ వేలమంది అడుగుల చప్పుడు, ఎవరి ఫోన్లోంచో పాట. అప్పుడు అందరం ఒకటే. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేసరికి జనం పలచబడతారు. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు ఎవరి బలం ఎంతో విడదీసి చూపిస్తాయి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గరికి నేను వచ్చేటప్పటికి సూర్యుడు బాగా పైకొచ్చేసి ఉంటాడు. వేగంగా వెళ్లేవాళ్లు చల్లటి పూట పరుగు ముగించి గచ్చిబౌలిలో మెడల్ వేసుకుని టిఫిన్ తింటుంటారు. మాకు అసలు ఎండ అప్పుడే మొదలవుతుంది. పైగా అది ఆగస్టు ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అడుగుకి ముప్పావు మీటరు లెక్కన వేసుకున్నా నాకు ఆ రోజు 56 వేల అడుగులు. వాటిలో చివరి పాతిక వేలు ఆ ఎండలోనే పడతాయి.

అప్పుడు మాకు మిగిలేది మీరే. మీ టేబుల్, మీ కప్పు, మీ మాట.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు పెళ్లిళ్లలో బంతి భోజనాలు ఉండేవి. వరసగా విస్తర్లు వేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి వడ్డించుకుంటూ వెళ్లేవాళ్లు. మా తాతయ్య వడ్డన చూసుకునేవాడు. ఆయన ఎప్పుడూ బంతి మొదట్లో నిలబడేవాడు కాదు, చివర్లో నిలబడేవాడు. మొదట్లో కూర్చున్నవాళ్లకి అన్నీ ఎలాగూ అందుతాయి, చివరి విస్తరి దగ్గరికి వచ్చేసరికే నెయ్యి గిన్నె అడుగంటుతుంది, గారెలు అయిపోతాయి. అందుకని మధ్యలో ఒకసారి "ఈసారి నెయ్యి అటు చివర్నుంచి మొదలెట్టండర్రా" అని కేకేసేవాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పక్కవాళ్లు తింటుండగా బంతిలోంచి లేవకూడదు. పెద్దవాళ్లు చివరిదాకా ఒకసారి చూసి, అందరిదీ మజ్జిగన్నం అయిందనుకున్నాకే లేచేవాళ్లు. మెల్లగా తినేవాళ్లని ఎవరూ తొందరపెట్టేవాళ్లు కాదు.

మా పరుగు బృందంలోనూ అదే పద్ధతి. ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేసరికే ఉంది. ఆదివారం లాంగ్ రన్ అయ్యాక చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ టిఫిన్ ముట్టరు. నేను కొత్తగా చేరిన రోజుల్లో అందరికంటే చివర నేనే. మొదటిసారి గండిపేట వైపు 18 కిలోమీటర్లు వెళ్లిన రోజు, వెనక్కి వస్తుంటే దూరంగా ఇద్దరు కుర్రాళ్లు ఎదురొస్తున్నారు. వాళ్లది అయిపోయి గంట దాటింది. "మీకోసమే వచ్చామక్కా, పదండి" అని నా రెండు పక్కలా చేరారు. ఇడ్లీలు చల్లారిపోయి ఉన్నాయి. పదకొండు మంది కారు డిక్కీ చుట్టూ నిలబడి ఉన్నారు, ఒక్కరి చెయ్యీ డబ్బా మూత మీద పడలేదు. ఆ రోజు కారు వెనకాల నిలబడి నేను ఏడ్చిన సంగతి వాళ్లకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇంకో రోజు కూడా ఉంది, అదీ చెప్పాలి. వేరే ఊళ్లో ఒక మారథాన్. పేరు వద్దు. 33వ కిలోమీటరు దగ్గర నీళ్లుంటాయని మ్యాప్‌లో చూసి 30 దగ్గర సగం కప్పే తాగాను. వెళ్లి చూస్తే టేబుల్ లేదు. రోడ్డు నిండా తొక్కేసిన పేపర్ కప్పులు, నారింజ తొక్కలు, తడి. అప్పటికే ట్రాఫిక్ వదిలేశారు. కటాఫ్‌కి ఇంకా గంటన్నర ఉంది. నేను గడువు దాటలేదు, గడువు పెట్టినవాళ్లే ముందు వెళ్లిపోయారు. నా వెనక ఒకాయన ఉన్నాడు, డెబ్బై ఏళ్లుంటాయి, పిక్క పట్టేసి డివైడర్ మీద కూర్చుండిపోయాడు. పక్కన చిన్న కిరాణా కొట్టు. జేబులో రూపాయి లేదు. కొట్టులో ఉన్నావిడకి మా భాష రాదు. మా ఇద్దరి మొహాలు చూసి, రెండు నీళ్ల ప్యాకెట్లు ఇచ్చి, ఒక కాగితం ముక్కలో ఇంత ఉప్పు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ ఉప్పు నాలిక మీద వేసుకుని ఇద్దరం పూర్తిచేశాం. అప్పటినుంచి నా నడుం పర్సులో వంద నోటు ఒకటి ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది.

ఆ ఉప్పు గురించి రెండు మాటలు. మెల్లగా పరిగెత్తేవాళ్లకి "నీళ్లు తాగండి, నీళ్లు తాగండి" అని చెప్పడం మంచి మనసుతోనే గానీ, అదొక్కటే చెప్తే ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, ఉండాల్సిన దానికంటే తక్కువ కనిపించింది. పరుగులో బరువు పెరిగినవాళ్లలో, అంటే చెమటగా పోయినదానికంటే ఎక్కువ తాగినవాళ్లలో, నాలుగు గంటలు దాటి రోడ్డు మీద ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అంటే మాలాంటివాళ్లలో. ఆరు గంటల్లో ఇరవై టేబుళ్లు దాటుతాం, ప్రతి టేబుల్ దగ్గరా ఒక పిల్లో పిల్లాడో ప్రేమగా కప్పు చాపుతుంటే వద్దనలేం. అందుకని చివరి టేబుళ్లలో నీళ్లతోపాటు ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ, ఉడకబెట్టి ఉప్పు అద్దిన బంగాళాదుంప ముక్కలు తప్పకుండా ఉంచండి. దాహమైతేనే తాగమనండి. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వాంతి చేసుకుంటున్నా, తూలుతున్నా, ఎండలో చెమట ఆగిపోయినా "పర్లేదు, ఇంకొంచెమే" అని ముందుకు పంపకండి. కూర్చోబెట్టి వెంటనే వైద్య బృందాన్ని పిలవండి.

చెమట అంటే 1984 గుర్తొస్తుంది. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకుంటే ఊరంతా బాధపడింది. అదే ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మొట్టమొదటిసారి మారథాన్ పెట్టారని నాకు నలభై ఏడేళ్లు వచ్చాకే తెలిసింది. గెలిచింది అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్. నేను మళ్లీ మళ్లీ చూసేది మాత్రం 37వ స్థానంలో వచ్చినావిడని. స్విట్జర్లాండ్ తరఫున పరిగెత్తిన గాబ్రియెలా ఆండర్సన్-షీస్. 39 ఏళ్లు. స్టేడియంలోకి వచ్చేసరికి ఒళ్లు ఒక పక్కకి వంగిపోయి ఉంది, ఎడమ చెయ్యి వేలాడుతోంది. వైద్యులు దగ్గరికి వస్తే వద్దని దూరం జరిగింది. ఎవరైనా ముట్టుకుంటే పోటీలోంచి తీసేస్తారు. ఆవిడకి ఇంకా చెమట పడుతోందని వైద్యులు గమనించారు. అది చూసే ముందుకు వెళ్లనిచ్చారు, పక్కనే నడుస్తూ. ఆ చివరి 400 మీటర్లకి ఆవిడకి 5 నిమిషాల 44 సెకన్లు పట్టింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. గీత దాటి వైద్యుల చేతుల్లో పడిపోయింది, తర్వాత త్వరగానే కోలుకుంది. నేను ఆ వీడియోలో ఆవిడతోపాటు ఆ వైద్యుల్ని కూడా చూస్తాను. ముట్టుకోకుండా, వదిలెయ్యకుండా, పక్కనే నడవడం. రేపు మీరు చెయ్యబోయే పని అదే.

కటాఫ్ ఉండకూడదని నేను అనను. రోడ్లు ఊరివి. ఆదివారం కూడా ఆసుపత్రికి వెళ్లేవాళ్లుంటారు, డ్యూటీకి వెళ్లేవాళ్లుంటారు, తెల్లవారకముందు నుంచి నిలబడ్డ పోలీసులుంటారు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని దాదాపు 90 కిలోమీటర్ల పరుగు ఉంది, 1921 నుంచి జరుగుతోంది. దానికి 12 గంటల గడువు. గడువు కాగానే తుపాకీ పేలుస్తారు, ఒక్క సెకను ఆలస్యమైనా మెడల్ లేదు. అంత కఠినమైన చోటే మెల్లగా వెళ్లేవాళ్లు గుంపులుగా కలిసి వెళ్తారు. ఆ గుంపుని బస్సు అంటారు, ముందుండి నడిపించేవాణ్ని డ్రైవర్ అంటారు. ఎంతసేపు పరిగెత్తాలో, ఎప్పుడు నడవాలో అతనే చెప్తాడు. మనం పేసర్ అంటున్నది ఇంచుమించు అలాంటి మనిషినే. గడువు కఠినంగా ఉండనివ్వండి. ఆ గడువు ఉన్నంతసేపు నీళ్లు కూడా ఉండాలి, నేను అడిగేది అంతే. అందరికంటే చివర, మా వెనకాలే వచ్చే స్వీప్ బస్సు మీ టేబుల్ దాటి వెళ్లేదాకా టేబుల్ మడవకండి.

చివరగా ఒక అబ్బాయి గురించి. మూడేళ్ల కిందట ఇదే హైదరాబాద్‌లో, గచ్చిబౌలి వైపు వస్తున్నాను. 36 దాటింది. కాళ్లు నావి కావన్నట్టున్నాయి. దూరంనుంచి చూస్తే టేబుళ్లు సర్దేశారు, నల్ల సంచుల్లో చెత్త కట్టి వరసగా పెట్టారు. గుండె జారిపోయింది. దగ్గరికి వెళ్తే ఆ సంచుల పక్కన ఒక్క స్టూలు. స్టూలు మీద కప్పులు, దుమ్ము పడకుండా వాటి మీద బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట. పక్కన ఒక అబ్బాయి, చేతిలో నోటుబుక్కు కాగితం. నా చొక్కాకి పెట్టుకున్న బిబ్ నంబర్ చూసి కాగితం మీద ఒక గీత కొట్టాడు. బుట్ట ఎత్తి కప్పు ఇచ్చాడు.

"తాగున్రి అక్కా. ఇంకా నలుగురు రావాలె," అన్నాడు.

"నీకెలా తెలుసు బాబూ?" అన్నాను.

"ముందట టేబులోళ్లకు ఫోన్ కొట్టిన. వాళ్ల కాడికెల్లి నంబర్లు రాసుకున్న."

ఎవరూ చెప్పలేదట. మిగతావాళ్లు సామాను వ్యానెక్కించి వెళ్లిపోతే తను ఉండిపోయాడు. ఆ కాగితం మీద ఐదు నంబర్లున్నాయి, ఒకటి కొట్టేసి ఉంది, అది నాది. నేను కప్పు పట్టుకుని ఆ కాగితం వంకే చూస్తూ నిలబడ్డాను. అంతసేపటినుంచి ఆ రోడ్డు మీద నేనున్నానని ఎవరికీ తెలియదనుకుంటున్నాను. రెండు కిలోమీటర్ల ముందునుంచే నా నంబర్ ఒకరి చేతిలో ఉంది. మిగిలిన 6 కిలోమీటర్లు ఎలా అయ్యాయో నాకు సరిగ్గా గుర్తులేదు, ఆ గీత మాత్రం గుర్తుంది. నీలం రంగు బాల్‌పెన్ను.

ఈ ఏడాది ప్రతి టేబుల్‌కీ ఒక పెన్ను, ఒక అట్ట, ముందు టేబుల్‌వాళ్ల ఫోన్ నంబరు ఇవ్వమని నిర్వాహకుల్ని అడిగాను. ఒప్పుకున్నారు. బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఉన్న డబ్బాలోంచి తీసుకోండి.

36వ కిలోమీటరు టేబుల్ ఎవరిదమ్మా, ఒకసారి చెయ్యెత్తండి. అటు వెనకనా? మంచిది. నేను పది దాటాక వస్తాను. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యండి.