మిర్చి రంగు ఎందుకు వెలుస్తుంది? యాంటీఆక్సిడెంట్ గోలీలు మింగే ముందు ఈ సంగతి వినండి

నమస్తే అండీ. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు గుండె ఎక్కడ కొట్టుకుంటుందో తెలుసా? వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీసి, వెలుతురుకు తిప్పి చూసినప్పుడు. ఆయన చూసేది రంగు. సరుకు ఎండకు, గాలికి ఉన్న కొద్దీ ఎరుపు వెలుస్తుంది, రేటు పడిపోతుంది. ఆ భయంతోనే బస్తాలు కోల్డ్ స్టోరేజీకి పోతాయి.

ఆ ఎరుపు క్యాప్సాంథిన్ అనే పదార్థానిది. 2025లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకుకు ఇచ్చే గుర్తింపు) వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. క్యాప్సాంథిన్ ఒక యాంటీఆక్సిడెంట్. ఆక్సిజన్, వెలుతురు కలిసి కొట్టే దెబ్బను తను తిని, తనే ఖర్చయిపోతుంది. మనం రంగు వెలిసింది అంటాం.

మన ఒంట్లోనూ ఇదే పని నడుస్తుంటుంది. తిన్న అన్నాన్ని కణాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్ సాయంతో శక్తిగా మారుస్తుంది. ఆ క్రమంలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేవే ఫ్రీ రాడికల్స్. వాటికి ఎలక్ట్రాన్ కొరత, అందుకే పక్కన కొవ్వున్నా, ప్రొటీన్ ఉన్నా, చివరికి డీఎన్ఏ ఉన్నా లాక్కుంటాయి. బీడీ పొగ ఈ గొడవను ఇంకా పెంచుతుంది.

అట్లని ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులే అనుకోవద్దు. మన తెల్ల రక్తకణాలు బ్యాక్టీరియాను చంపేది వాటితోనే. మిగిలిపోయిన వాటిని అదుపు చేయడానికి ఒంటికి సొంత ఏర్పాటు ఉంది: సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథియోన్ అని ఒళ్లే తయారు చేసుకునే పదార్థాలు. ఇవి సరిగ్గా పనిచేయాలంటే జింక్, రాగి, సెలీనియం లాంటివి కొద్దికొద్దిగా తిండిలో అందాలి. విటమిన్ సి, విటమిన్ ఈ, కెరోటిన్లు వీటికి తోడు.

ఇక్కడే అసలు మాట. ముసలితనానికి ఫ్రీ రాడికల్సే కారణమని 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్హామ్ హార్మన్ ప్రతిపాదించారు. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లకు గుండె జబ్బులు, కొన్ని క్యాన్సర్లు తక్కువని కూడా పరిశోధనల్లో కనిపించింది. అయితే ఆ సారం తీసి గోలీగా ఇస్తే ఇంకా మంచిదే కదా అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద పరీక్షించారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌లో ఉండే కెరోటిన్, గోలీగా ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో, తీసుకోనివాళ్ల కంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో జరిగిన ఇంకో పరీక్షలోనూ కీడే కనిపించడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఈ గోలీలు ఎక్కువ మోతాదులో వాడిన మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో ఇంకో పెద్ద పరీక్ష చెప్పింది.

పొగ తగిలే ఊపిరితిత్తుల్లో అంత మోతాదు బీటా కెరోటిన్ తనే ఆక్సీకరణకు గురై ముక్కలవుతుందని, ఆ ముక్కలే హాని చేస్తాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. క్యారెట్ కూరలో ఈ భయం లేదు. తిండిలో అది కొంచెం కొంచెంగా, పీచుతో, వంద రకాల ఇతర పదార్థాలతో కలిసి వస్తుంది.

గోలీలు అసలే పనికిరావని నేను అనడం లేదు. వయసు మీద కంటి లోపలి పొరకు (రెటీనాకు) వచ్చే జబ్బు ఒక దశకు చేరినవాళ్లకు, ప్రత్యేకమైన విటమిన్లు, జింక్ కలిపిన మందు మేలు చేస్తుందని రుజువైంది. దాన్ని కంటి డాక్టర్ రాయాలి.

మరి మనం ఏం తినాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్ద మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. ఒక్క జామపండు తింటే ఆ లెక్క దాటిపోతుంది. ఉసిరికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. టమాటకు ఎరుపునిచ్చే లైకోపీన్ పచ్చిగా కంటే నూనెలో మగ్గినప్పుడే ఒంటికి బాగా పడుతుంది, అంటే మన టమాట పప్పు మంచి పద్ధతే. నిజామాబాద్ పసుపులోని కుర్కుమిన్ ఒంటికి పట్టడం కష్టం, మిరియాలు కలిస్తే మెరుగు. చారులో రెండూ ఉన్నాయి. నేరేడు పండ్ల ఊదా రంగు ఆంథోసయనిన్లు అనే యాంటీఆక్సిడెంట్లది. తినండి, కానీ వాటిని నమ్ముకుని షుగర్ మందు మాత్రం ఆపకండి. పుంటికూర, చింతచిగురు, పల్లీలు, నువ్వులు ఇవన్నీ ఈ వరుసలోవే. వందల రూపాయలు పోసి డబ్బా పొడి కొనే ఇంట్లో జామపండు లేకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అక్కలు కూడా ఈ వీడియో చూస్తున్నారు. మీ ఇంట్లో బాపు గానీ అన్న గానీ బీడీ తాగుతుంటే, మెడికల్ షాపులో మల్టీవిటమిన్ తీసుకునేటప్పుడు షీటు వెనక్కి తిప్పి చూడండి. బీటా కెరోటిన్ అని ఉంటే డాక్టర్‌ను అడగకుండా కొనొద్దు. క్యాన్సర్‌కు కీమో గానీ రేడియేషన్ గానీ నడుస్తున్నవాళ్లు ఇంట్లో వాడే పొడులు, రసాల పేర్లు కూడా డాక్టర్‌కు చెప్పండి, కొన్ని ఆ చికిత్సకే అడ్డు రావచ్చు.