బోరు అడుగున జియోఫోన్: కొయ్నా అదురులు వినాలంటే

అందరికీ నమస్కారం.

మహారాష్ట్రలోని కొయ్నాలో 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూమి కంపించింది. కదిలింది దోనచివాడా భ్రంశం, అంటే నేల లోపలి రాతి చీలిక. ఆనాటి నుంచి అక్కడ చిన్న అదురులు ఆగలేదు. రాసాటి దగ్గర బోరు వేస్తే 930 మీటర్ల దాకా నల్లరాయే, ఆ కింద గ్రానైట్. అదురులు పుట్టేది ఆ గ్రానైట్‌లోనే. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు అక్కడి లోతు బోర్లలో సీస్మోమీటర్లు (నేల కదలికను రాసే పరికరాలు, జియోఫోన్ వాటిలో ఒక రకం) దించింది అందుకే.

నేల మీద పెడితే వినపడవా అంటే, పెద్దవి వినపడతాయి. తీవ్రత 1 ఉన్న అదురులో సుమారు 70 హెర్ట్జ్ (సెకనుకు 70 ఊపులు) దాకా, 0 అయితే 200 దాటి కూడా బలమైన తరంగాలుంటాయి. పైనున్న మెత్తబడ్డ రాయి ముందు మింగేది వాటినే. మిగిలిందేదైనా ఉంటే లారీల రొదలో కలిసిపోతుంది. రికార్డరు కూడా సెకనుకు 100 నమూనాలే తీస్తే 50 హెర్ట్జ్ పైది దక్కదు. 1000 పెట్టండి.

చిక్కంతా దించడంలోనే. జియోఫోన్ రాతికి అతుక్కోకపోతే తన ఊగులాటనే రాసిపెడుతుంది. కిలోమీటరు దాటిన బోర్లలో గోడకు అదిమిపట్టే బిగింపు చెయ్యి వాడొచ్చు. రెండు మూడొందల మీటర్ల బోరుకు సిమెంటు పాలే (నీళ్లలో పలచగా కలిపిన సిమెంటే) మేలు, అయితే పరికరాన్ని మళ్లీ పైకి తీయలేం, దానిమీద ఆశ వదులుకోవాలి. 150 మిల్లీమీటర్ల బోరులో 20 మీటర్లు పూడ్చడానికి సుమారు 350 లీటర్లు కావాలి. బస్తాకు 25 లీటర్ల నీళ్లు కలిపితే 41 లీటర్లు వస్తాయి, అంటే తొమ్మిది బస్తాలు. పైనుంచి కుమ్మరించకండి, బోరులో నీళ్లుంటే పాలు విరిగి పలచబడతాయి. సన్నపైపు అడుగుదాకా దించి కిందినుంచి నింపండి, పైపు మూతి పాలలో మునిగే ఉండాలి. పోసేముందు జియోఫోన్‌లోని తీగచుట్ట (కాయిల్) రెసిస్టెన్స్ కొలవండి. గట్టిపడ్డాక తీగ తెగిందని తెలిస్తే చేసేదేం లేదు.

కేబుల్ మెలితిరుగుతూ దిగుతుంది. పరికరం మీద ‘ఉత్తరం’ అని రాసున్న వైపు అడుగున ఎటు తిరిగిందో పైనుంచి తెలీదు. చోటు తెలిసిన క్వారీ పేలుళ్లు నాలుగైదు దిక్కుల నుంచి తీసుకుని, పి తరంగం (అన్నిటికన్నా ముందు వచ్చేది) తొలి కదలికతో ఆ కోణం తేల్చాలి.

ఇక కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఒకటుంది. సెన్సరు 1500 మీటర్ల లోతున ఉంటే, దాన్ని దాటి పైకెళ్లిన పి తరంగం నేల తాకి వెనక్కి వస్తుంది. వేగం సెకనుకు 5 కిలోమీటర్లనుకుంటే 0.6 సెకన్లకు రెండోసారి కనపడుతుంది. అదే ఎస్ (పి తర్వాత నెమ్మదిగా వచ్చే తరంగం) అనుకుని గుర్తు పెడితే, పి, ఎస్‌ల ఎడాన్ని బట్టే దూరం లెక్కిస్తాం కాబట్టి, ప్రతి అదురూ నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే తేలుతుంది! ఎస్ అయితే అడ్డ భాగాల్లో, అంటే పక్కలకు ఊగే కదలికల రికార్డులో, పెద్దగా ఉంటుంది. ఈ ప్రతిధ్వని నిలువు భాగంలో, అదురు ఎక్కడ పుట్టినా దాదాపు అదే ఎడంతో వస్తుంది.