క్యాథ్‌ల్యాబ్ కంటే ముందు కావలసినవి

గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సభ్యులకు, వైద్యులకు, నా నర్సింగు సోదరీమణులకు, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు, పని మానుకుని వచ్చిన ఊరివారికి నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, నాకిచ్చిన సమయం తక్కువ కనుక మన్నించమని కోరుతున్నాను.

సెప్టెంబరు 29ని ప్రపంచ హృదయ దినంగా పాటిస్తున్నాము కనుక గుండె ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఉప్పు తగ్గించమని, నడవమని, బీడీ మానమని చెప్పడానికి నాకంటే చదువుకున్నవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. ఉద్యోగ జీవితంలో అధికభాగం ఇలాంటి ఏరియా ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో గడిపిన నర్సును కాబట్టి, ఆ గదిలో ఏం జరుగుతుందో, ఏం జరగడం లేదో, దాని గురించే మాట్లాడతాను.

మీరు పంచిన కరపత్రంలో మొదటి కోరిక క్యాథ్‌ల్యాబ్, అంటే సన్నని గొట్టం పంపి గుండె రక్తనాళాల్లోని పూడికను తెరిచే గది. అది న్యాయమైన కోరికే. 1977లో జ్యూరిక్ నగరంలో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు పూడుకుపోతున్న గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచి చూపిన తరువాత గుండెపోటు వైద్యం దారే మారిపోయింది. అయితే క్యాథ్‌ల్యాబ్ అంటే యంత్రం ఒక్కటే కాదు. పగలూ రాత్రీ అందుబాటులో ఉండే కార్డియాలజిస్టు, శిక్షణ పొందిన టెక్నీషియన్లు, నర్సులు, చేయి తిరగడానికి సరిపడా రోగులు, ఇవన్నీ కూడితేనే అది పనిచేస్తుంది. అవన్నీ సమకూరేదాకా గుండెపోటు ఆగదు కదా. ఈలోగా మన చేతిలో ఉన్నదేమిటి?

మన చేతిలో ఉన్నది చిన్నదేమీ కాదు. పూర్తిస్థాయి గుండెపోటుతో వచ్చిన మనిషికి 120 నిమిషాల లోపల యాంజియోప్లాస్టీ, అంటే ఆ బెలూన్ వైద్యం, చేయగలిగితే అదే మేలు. చేయలేమని తెలిసినప్పుడు, ఆసుపత్రికి చేరిన అరగంటలోపల గడ్డను కరిగించే మందు ఎక్కించాలన్నది వైద్యులు పాటించే నియమం. మన దగ్గర నుంచి పట్నానికి రోడ్డు ఎలా ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. 1988లో వెలువడిన ఐసిస్-2 అనే గుండెపోటు పరిశోధనలో 17,187 మంది రోగులపై ఆస్పిరిన్‌ను, గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌ను పరీక్షించారు. ఈ మందులేవీ పొందనివారిలో అయిదు వారాల లోపల నూటికి సుమారు 13 మంది గుండె, రక్తనాళాల కారణంగా చనిపోగా, ఆస్పిరిన్, స్ట్రెప్టోకైనేజ్ రెండూ పొందినవారిలో ఆ సంఖ్య 8కి తగ్గింది. ఈ రెండు మందులూ ఏరియా ఆసుపత్రిలో ఇవ్వగలిగినవే. ఇప్పుడు గడ్డను కరిగించే మరో మందు టెనెక్టిప్లేజ్ వచ్చింది కాబట్టి గంటసేపు డ్రిప్ ఎక్కించే పని కూడా లేదు, బరువునుబట్టి ఒక్క సూదిలో అయిపోతుంది.

కాని ఆ సూది వేయాలంటే ముందు ఈసీజీ సరిగా తీయాలి. నేను చెప్పదలచుకున్నది అసలు ఇక్కడే ఉంది.

ఒక రాత్రి మిరపకోతలకు వెళ్లే ఒకావిడను ఆటోలో తెచ్చారు. వయసు యాభైకి అటూ ఇటూ. గుండెల్లో మంట, వెన్ను పట్టేసినట్టు ఉండటం, జాకెట్టు తడిసిపోయేంత చెమట. ఊళ్లో గ్యాస్ అని సూది వేశారట. తగ్గకపోతే దారిలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లారు, అక్కడ ఈసీజీ బాగానే ఉందన్నారు. భర్త ఆ కాగితాన్ని జేబులోంచి తీసి, మడతలు విప్పి నా చేతికిచ్చాడు. ఛాతీ మీది గీతలు వీ1 నుంచి వీ6 దాకా ఉండవలసిన చోట కెరటమన్నదే లేదు, ఆరు సూటి గీతలున్నాయి. చేతులకూ కాళ్లకూ క్లిప్పులు పెట్టారు గాని, ఛాతీ మీద పెట్టవలసిన ఆరింటినీ వదిలేశారు. ఎందుకని అడిగితే ఆ భర్త తలవంచుకుని, "గది నిండా మగాళ్లే ఉన్నారు సిస్టరమ్మా, తీసేవాడూ కుర్రాడే. అది ఒప్పుకోలేదు, వాడూ బలవంతం చేయలేదు" అన్నాడు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఆమెనూ తప్పుపట్టను. పదిమంది మధ్య ఛాతీ మీద గుడ్డ తీయమంటే ఈ సభలో ఉన్న మన అక్కచెల్లెళ్లలో ఎంతమంది ఒప్పుకుంటారో మీరే ఆలోచించండి.

మా గదిలోనూ తెర లేదు. మా ఆయా ఒకవైపు, రోగి కూతురు ఒకవైపు దుప్పట్లు పట్టుకుని నిలబడితే, జెల్ అయిపోయినందువల్ల సెలైన్‌లో ముంచిన దూదితో ఛాతీ తుడిచి, ఎడమ రొమ్మును పైకెత్తి కింద వరుసగా ఈసీజీ కప్పులు అతికించాను. రోల్ బయటికి వస్తూండగానే వీ1 నుంచి వీ4 వరకు, గుండెపోటుకు గుర్తుగా, గీత పైకెక్కి ఉండటం కనిపించింది. డ్యూటీ డాక్టరు గారు పక్షవాతం వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ జరిగిందా, ఎక్కడైనా రక్తస్రావం ఉందా అని అడగవలసినవన్నీ అడిగి, 15 లక్షల యూనిట్ల స్ట్రెప్టోకైనేజ్ మొదలుపెట్టించారు. బీపీ పడిపోయే మందు కాబట్టి నేను పక్కనుంచి కదలలేదు.

సగం ఎక్కిందో లేదో, బంధువులు కారు తెచ్చారు. "ఇక్కడేముందమ్మా, ఉత్త సెలైన్ ఎక్కిస్తున్నారు, పట్నం తీసుకెళ్లిపోతాం" అని పట్టుబట్టారు. "ఆ సీసాలోనే ఉంది నాయనా మందు, అది అయ్యేదాకా మంచం కదలదు" అని వాళ్లతో వాదిస్తూనే బీపీ కఫ్ బిగించాను. గంట తిరిగేసరికి నొప్పి తగ్గింది, ఈసీజీలో గీత దిగింది. తరువాత 108లో పట్నం పంపాము, అక్కడ స్టెంటు వేశారు. ఊళ్లో మాత్రం పట్నం డాక్టరే బతికించాడని చెప్పుకున్నారు. దానికి నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజమే, దాచుకోను.

కాళ్ల రక్తనాళాల గురించి కూడా చెప్పమన్నారు. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోయే నొప్పిని వయసు మీద తోసేయకండి. చుట్ట, బీడీ తాగేవారిలో, షుగర్ ఉన్నవారిలో కాలి రక్తనాళం పూడుకుంటోందనడానికి అది గుర్తు. బీపీ కఫ్‌కు తోడు చేతిలో పట్టే చిన్న డాప్లర్, అంటే రక్తప్రవాహం చప్పుడు వినిపించే పరికరం, ఉంటే చీలమండ దగ్గరి పీడనాన్ని, చేతి పీడనాన్ని పోల్చవచ్చు. ఆ నిష్పత్తి 0.9 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే అనుమానించాలి. షుగర్ ముదిరినవారిలో రక్తనాళాలు గట్టిపడి ఈ అంకె మోసం చేయవచ్చు కాబట్టి, ఆశా చెల్లెళ్లారా, పాదం చూడండి, వేళ్ల సందులు చూడండి, మానని పుండు కనిపిస్తే ఆ వారమే ఇక్కడికి పంపండి. నల్లబడిన తరువాత తెస్తే మిగిలేది కోతే.

మళ్లీ నా అసలు మాటకు వస్తాను. కమిటీ వారు ఈరోజు చేసే తీర్మానంలో క్యాథ్‌ల్యాబ్ కోరికను ఉంచండి, నేను వద్దనను. దానికి పైన మాత్రం క్యాజువాలిటీ మంచం చుట్టూ తెర, రాత్రి డ్యూటీలో ఈసీజీ తీయడం వచ్చిన ఒక ఆడమనిషి కావాలని రాయండి. రెండోది పై అధికారులు చూడవలసిన పని. మొదటిదానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. తెర గుడ్డ నేనే కుట్టించి తెచ్చాను, సంచిలో ఉంది. కడ్డీ బిగించే మనిషిని సూపరింటెండెంటు గారు పిలిపిస్తే సభ అయిన వెంటనే వెళ్లి కట్టేద్దాం. నమస్కారం.