గుట్టు మనకే చెప్పినవాడు

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకి ఒక మాట చెప్పాలి. ఇవాళ నేను రెండు మూడు కథల చివర్లు బయటపెట్టేస్తాను, ముఖ్యంగా ఒక వీడియో గేమ్‌ది. అది ఇంకా ఆడనివాళ్లు ఉంటే ముందే క్షమించండి, చివర చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం నా వల్ల కాదు.

సినిమా గానీ నవల గానీ గేమ్ గానీ మనకి నచ్చిందంటే అందులో ప్రధాన పాత్ర పని ఎంత, ఆ పాత్ర మనల్ని ఎలా పట్టుకుంటుంది అన్నది విషయం. దీనికి మనందరి నోట్లో జవాబు రెడీగా ఉంటుంది. "హీరో మంచోడు" అంటాం, లేదంటే "వాడిలో నన్ను నేను చూసుకున్నాను" అంటాం. చాలా ఏళ్లు నేనూ అదే చెప్పాను. ఇప్పుడు ఆ రెండు జవాబులూ నాకు చాలడం లేదు. ఎందుకు చాలడం లేదో చెప్పాలంటే గిరీశం దగ్గరకి వెళ్లాలి.

గురజాడగారి కన్యాశుల్కం నాటకంలో తెర లేవగానే మనకి కనిపించేది విజయనగరం బొంకులదిబ్బ. అక్కడ గిరీశం ఒక్కడే ఉంటాడు. పూటకూళ్లమ్మకి సంతలో సామాను కొనిపెడతానని 20 రూపాయలు పట్టుకెళ్లి ఆ డబ్బు డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చుపెట్టేశానని, ఇవాళ పొద్దున్న ఆవిడతో పెద్ద యుద్ధమే అయిందని, ఇక ఈ ఊళ్లోంచి మకాం ఎత్తేయడమే మేలని చెప్పుకుంటాడు. ఎవరితో చెబుతున్నాడు? పక్కన ఎవరూ లేరు. మనతోనే చెబుతున్నాడు. కాసేపటికి శిష్యుడు వెంకటేశం వస్తాడు, అంతే, గొంతు మారిపోతుంది, చదువులూ లెక్చర్లూ మొదలవుతాయి. ఇక అక్కడి నుంచి వెంకటేశానికి, వాడి తండ్రి అగ్నిహోత్రావధానులకి, వితంతువైన అక్క బుచ్చమ్మకి, చివరికి వకీలు సౌజన్యారావు పంతులుగారికి కూడా అబద్ధాలే. నిజం చెప్పింది ఒక్క మనకే, అది కూడా మనం అడగకుండానే.

గిరీశం మంచివాడు కాదు. వాడిలో నన్ను నేను చూసుకోవాలని నాకు అస్సలు లేదు, ముక్కుపచ్చలారని వితంతువుని మాయమాటలు చెప్పి తీసుకుపోయినవాడు వాడు. అయినా 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో వాడు రంగం మీదకి వచ్చిన ప్రతిసారీ మనం కొంచెం ముందుకి జరిగి కూర్చుంటాం. ఎందుకంటే వాడు ఇప్పుడు చెప్పబోయేది అబద్ధమని వెంకటేశం ఇంట్లో వాళ్లకి తెలియదు, మనకి తెలుసు. వాడి గుట్టు మన దగ్గరుంది. ఇంట్లోనైనా అంతే కదా, ఒక పిల్లాడు తన తప్పు మీ ఒక్కరికే వచ్చి చెప్పుకున్నాడనుకోండి, వాడు ఎంత అల్లరివాడైనా ఆ పూటకి మీరు వాడి పక్షమే. మనసులో ఎంత తిట్టుకున్నా నలుగురి ముందు వాడు దొరికిపోకూడదనే ఉంటుంది.

ఇది పట్టుకున్నాక చిన్నప్పటి నుంచీ ఇష్టపడ్డ కథలన్నీ మళ్లీ తిరగేశాను.

మాయాబజార్ తీసుకోండి. 1957లో వచ్చిన సినిమా, రామారావుగారు కృష్ణుడు, నాగేశ్వరరావుగారు అభిమన్యుడు. ఇద్దరు పెద్ద హీరోలు ఉన్నారు. కానీ ఆ సినిమా అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది సావిత్రి, అది కూడా శశిరేఖగా కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా. పెళ్లిపందిట్లో తలవంచుకుని కూర్చున్న ఆడపిల్ల పక్కనున్న లక్ష్మణ కుమారుడి కాలు తొక్కుతుంది, రేలంగి మొహం చూడాలి అప్పుడు. కౌరవుల వైపు వాళ్లెవరికీ ఆ పిల్ల ఎవరో తెలియదు. మనకి తెలుసు. సావిత్రి మొహంలో సిగ్గు పోయి ఒక్క క్షణం రాక్షసుడి పొగరు కనిపించి మళ్లీ సిగ్గు వచ్చేస్తుంది చూడండి, ఆ ఒక్క క్షణం మనకోసమే అనిపిస్తుంది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ప్రతిసారీ అక్కడ ఒంట్లో అదే సంతోషం.

మరి స్టార్ హీరోల సంగతి ఏంటి అని అడుగుతారు. బాషా వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. 1995లో వచ్చిన సినిమా, మా ఊళ్లో హాల్లో బెంచీ టికెట్‌కి వెళ్లాం. మాణిక్యం అనే ఆటో డ్రైవర్‌ని స్తంభానికి కట్టేసి కొడుతుంటే చేతులు కట్టుకున్నట్టు నిలబడి దెబ్బలు తింటాడు. హాలంతా నిశ్శబ్దం. అతని గతం ఏంటో సినిమా మాకు అప్పటికి చెప్పలేదు, కానీ అక్కడ ఉన్నది రజనీకాంత్ అని మాకు తెలుసు, కొడుతున్నవాడికి తెలియదు. సినిమా చెప్పని గుట్టుని అతని పేరు చెప్పేసింది. ఆ తర్వాత చెల్లెలి కోసం మొదటి దెబ్బ కొట్టినప్పుడు హాల్లో లేచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మేము ఆ గుట్టు మోస్తూ ఆ దెబ్బ కోసం అంతసేపు కూర్చున్నాం. అందుకే స్టార్ సినిమా అంటే తేలిగ్గా మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. స్టార్ అన్నది సరిగ్గా వాడుకుంటే చాలా పెద్ద పనిముట్టు.

కానీ చాలా సినిమాల్లో అలా వాడుకోరు. హీరో రాకముందే పది మంది వాడి గురించి పొగుడుతారు, వచ్చాక ఒక ఫైటు, ఒక పాట, మళ్లీ పొగడ్తలు. సినిమాలో వాళ్లందరికీ వాడి గురించి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు, ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. నేను ఈ మధ్య ఏ సినిమా చూసినా ఒకటి గమనిస్తున్నాను: ప్రధాన పాత్ర ఒంటరిగా ఉన్న సీను ఒక్కటైనా ఉందా? ఎవరూ చూడనప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడు? ఫోన్ పెట్టేశాక మొహం ఎలా మారింది, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాక మంచం మీద కూర్చున్నాడా, గోడకి ఆనుకున్నాడా? అర నిమిషం చాలు. అది లేని సినిమాలు బయటికి వచ్చేసరికే మర్చిపోతున్నాను, ఎంత ఖర్చు పెట్టి తీసినా సరే.

నవలకి ఈ విషయంలో ఉన్న వీలు ఇంక దేనికీ లేదు, నేరుగా మనిషి బుర్రలోకి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. రావిశాస్త్రిగారి అల్పజీవిలో సుబ్బయ్య చిన్న గుమాస్తా, ఇంట్లో భయం, ఆఫీసులో భయం. బయటి నుంచి చూస్తే అలాంటివాడితో పది నిమిషాలు మాట్లాడటానికి కూడా మనకి ఓపిక ఉండదు. లోపలి నుంచి చూస్తే పుస్తకం కింద పెట్టలేం.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. నేను డిగ్రీ హాస్టల్లో ఉండగా అంపశయ్య చదివాను. నవీన్‌గారి నవల, 1969లో వచ్చింది, ఉస్మానియాలో చదువుకునే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, అంతే కథ. నాకు పిచ్చి పట్టినట్టు నచ్చింది. నేనూ హాస్టలే, నేనూ పల్లె నుంచి వచ్చినవాడినే, మెస్ బిల్లు టెన్షన్ నాకూ ఉంది, కాబట్టి నాలాంటివాడి కథ గనక నచ్చింది అనుకున్నాను. సెలవులకి వెళ్తూ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాను. మా అమ్మ అయిదో క్లాసు దాకా చదివింది, వారపత్రికల్లో సీరియళ్లు వదలకుండా చదివేది. ఆ పుస్తకం తీసుకుని, వంటింటి గడప మీద కూర్చుని, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చదువుతూ రెండు రోజుల్లో పూర్తి చేసింది. మా అమ్మ హాస్టల్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, ఊరు దాటి చదువుకోలేదు, రవికీ ఆవిడకీ పోలిక ఏమీ లేదు. "ఎలా ఉందమ్మా" అంటే ఒకటే అంది. "పాపం ఆ పిల్లాడు ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాడురా." నేను వెంటనే "మనకి చెప్పుకుంటున్నాడుగా" అన్నాను. "అందుకేగా చదివాను" అంది, లేచి వెళ్లి గంజి వార్చుకుంది. ఆ మాట నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

దీనికి ఎదురు నిలిచే కథలు లేవా అంటే ఉన్నాయి. డిటెక్టివ్ కథల్లో ప్రధాన పాత్ర గుట్టు మనకి చెప్పడు, చెబితే కథే లేదు. అందుకే షెర్లాక్ హోమ్స్ పక్కన వాట్సన్‌ని పెట్టారు, మన డిటెక్టివ్ యుగంధర్ పక్కన రాజు ఉన్నాడు. మనతో పాటు చీకట్లో తడుముకునే మనిషి ఒకడు కావాలి, మనం వాడి భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తాం. ఇక మారియో ఉన్నాడు. 1981లో డాంకీ కాంగ్ అనే గేమ్‌లో పుట్టాడు. అంత చిన్న బొమ్మలో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు, ముక్కు కింద తేడా తెలియాలని మీసం పెట్టారు. వాడికి గుట్టూ లేదు, గతమూ లేదు. సరదా అంతా ఆ గెంతులో ఉంది, గుంట దాటామా లేదా అన్నదే కథ. టీవీకి తగిలించి పసుపు రంగు క్యాసెట్లు పెట్టి ఆడిన తరానికి అది చాలు, నాకూ అప్పట్లో చాలింది.

అసలు నేను ఇవాళ మాట్లాడాలనుకున్నది మా అక్క కొడుకు గురించి. 2020 లాక్‌డౌన్‌లో వాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. ఇంట్లో ఇరుక్కుపోయాం. వాడు ది లాస్ట్ ఆఫ్ అస్ అనే గేమ్ ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూసేవాడిని. 2013లో వచ్చిన గేమ్. లోకమంతా ఒక బూజు రోగంతో నాశనమైపోయింది, జోయెల్ అనే మనిషికి కూతురు చచ్చిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఎలీ అనే పద్నాలుగేళ్ల పిల్లని అమెరికాలో చాలా దూరం దాటించి చేర్చాలి. ఆ పిల్లకి రోగం అంటదు, ఆ పిల్ల నుంచి మందు తయారు చేయొచ్చని ఆశ. తీరా ఆసుపత్రికి చేరాక తెలుస్తుంది, మందు కావాలంటే పిల్ల మెదడు కోయాలి, పిల్ల బతకదు. జోయెల్ అడ్డొచ్చిన వాళ్లని చంపుకుంటూ ఆపరేషన్ గదిలోకి వస్తాడు. అక్కడ ఒక డాక్టర్ చిన్న కత్తి పట్టుకుని అడ్డం నిలబడతాడు.

మా వాడు ఆగిపోయాడు. బొటనవేలు బటన్ మీద ఉంది, నొక్కడం లేదు. పక్కకి తిరిగి చూశాడు, గదంతా తిరిగాడు, వేరే దారి ఉందేమోనని. రెండు నిమిషాలు అలా గడిచాయి. వేరే దారి లేదు. ఆ డాక్టర్‌ని చంపితే గానీ కథ ముందుకి వెళ్లదు. నొక్కాడు.

చివరి సీన్లో ఎలీ అడుగుతుంది, ఆసుపత్రిలో ఏం జరిగిందో నువ్వు చెప్పింది నిజమేనని ఒట్టు పెట్టు అని. జోయెల్ ఒట్టు పెడతాడు. అబద్ధపు ఒట్టు. మా వాడు నా వైపు తిరిగి, "నాకు తెలుసు మామయ్యా వీడు అబద్ధం చెబుతున్నాడని, ఆ పని చేసింది నేనే కదా" అన్నాడు. వాడి గొంతు బొంగురుపోయింది. సినిమాలోనో నవలలోనో గుట్టు మనం వింటాం. ఇక్కడ గుట్టు మా వాడి చేత్తో జరిగింది.

రెండో భాగం ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. మొదట్లోనే జోయెల్‌ని అబ్బీ అనే అమ్మాయి కొట్టి చంపుతుంది. సగం ఆట ఎలీగా పగతో తిరిగాక గేమ్ ఉన్నట్టుండి మన చేతికి అబ్బీని ఇస్తుంది, ఇక ఈమెగా ఆడు అంటుంది. లోకమంతా ఆడేవాళ్లు మండిపడ్డారు, ఆ పాత్రకి గొంతు ఇచ్చిన నటికి చంపుతామని బెదిరింపులు కూడా వచ్చాయి. అది దారుణం, దాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ ఒక మనిషి గుట్టు దాచిపెట్టినవాళ్లని తీసుకెళ్లి వాడిని చంపినవాళ్ల ఇంట్లో కూర్చోబెట్టారు.

మా వాడు వారం రోజులు గేమ్ ముట్టుకోలేదు. తర్వాత ఒక రాత్రి మళ్లీ మొదలుపెట్టాడు. అబ్బీకి పదే పదే ఒక కల వస్తుంది, ఆసుపత్రి వసారాలో నడుచుకుంటూ ఆపరేషన్ గది దాకా వెళ్లే కల. ఆ డాక్టర్ ఆమె తండ్రి. ఆ కల మనం తప్ప ఎవరూ చూడరు. మా వాడు తలుపు తీసిన ప్రతిసారీ లోపల ఏముందో వాడికి తెలుసు, తనే చేసిన పని కాబట్టి. ఒకసారి ఆ తలుపు దగ్గర పాజ్ చేసి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాడు.

గురజాడగారు ఈ పని ఎప్పుడో చేశారు, ఇంకో రకంగా. నాటకం మొదట్లో గుట్టు గిరీశానిది. చివరికి వచ్చేసరికి వేశ్య మధురవాణి, మొదట్లో గిరీశం చెప్పిన ఆ డాన్సింగ్ గర్లే, మగవేషంలో సౌజన్యారావు పంతులుగారి ఇంటికి వస్తుంది. అక్కడ కూర్చున్నది ఎవరో పంతులుగారికి తెలియదు, మనకి తెలుసు. గుట్టు ఆమె చేతిలోకి మారింది, దాంతో పాటు మనమూ ఆమె వైపుకి మారిపోయాం. గిరీశం కథ అడ్డంగా తిరిగిందని వాపోయేసరికి మనకి జాలి కూడా పెద్దగా మిగలదు.

గేమ్ మాత్రం అంత సులువుగా మారనివ్వలేదు. చివర్లో ఎలీ, అబ్బీ సముద్రం ఒడ్డున నీళ్లలో కొట్టుకుంటారు, ఇద్దరూ బక్కచిక్కి రక్తాలు కారుతూ. మళ్లీ మా వాడి చేతిలో ఎలీ. వాడు బటన్ నొక్కితేనే ఆమె కొడుతుంది. తెల్లవారుజామున మూడున్నర, మా అక్క లేచి వచ్చి ఇంకా పడుకోలేదా అని కసిరి వెళ్లింది. వాడు ఒక దెబ్బ కొట్టి ఆపాడు, ఇంకోటి కొట్టి ఆపాడు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇద్దరూ నాకు తెలుసు మామయ్యా" అన్నాడు. "నేను కొట్టకపోతే ఇది ముందుకి వెళ్లదు."

నేనేం మాట్లాడలేదు. వాడు చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, మళ్లీ రిమోట్ తీసుకున్నాడు.