మళ్లీ పక్క తడుపుతుంటే

శ్రోతలకు నమస్కారం.

పక్క తడపడం మానేసి రెండు మూడేళ్లయిన పిల్ల ఉన్నట్టుండి మళ్లీ తడుపుతోంది. రాత్రి లేచి చెంబెడు నీళ్లు గటగటా తాగుతోంది. అన్నం బాగానే తింటోంది కానీ ఒళ్లు చిక్కిపోతోంది. ఇలాంటప్పుడు మనం ఎండాకాలం కదా అంటాం, కడుపులో పురుగులేమో అంటాం. దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తాం. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఆ రోజే ఆ పిల్ల వేలి కొస నుంచి ఒక్క రక్తపు చుక్క తీయించి షుగర్ చూపించండి. రేపు చూద్దాంలే అనుకోకండి.

"చిన్నపిల్లకు షుగరా?" అని ఆశ్చర్యపోతారు. తాతయ్యకో నాన్నకో వచ్చే షుగర్ ఎక్కువగా టైప్ 2. అందులో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది, ఒంట్లో సరిగా పని చేయదు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 వేరు. మన పొట్టలో, జీర్ణాశయం వెనక క్లోమం ఉంటుంది. అందులోని బీటా కణాలే ఇన్సులిన్ తయారుచేస్తాయి. క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపాటున ఆ కణాలనే చంపేస్తుంది. ఇన్సులిన్ లేకపోతే రక్తంలో ఎంత చక్కెర ఉన్నా కండరాలకు అందదు. మిగిలిన చక్కెర మూత్రంలో పోతూ ఒంట్లో నీటిని కూడా లాక్కుపోతుంది. ఆ దాహం అందుకే, పక్క తడపడమూ అందుకే.

చక్కెర అందని శరీరం కొవ్వును కరిగించుకుంటుంది. దాంతో కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, నోట్లోంచి మగ్గిన పండు వాసన మొదలయ్యాయంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అజీర్తి అనుకుని సోడా పట్టిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

తల్లులకు ఒక మాట. మీరు చాక్లెట్లు కొనిపెట్టినందువల్ల ఇది రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు మామిడిపండ్లు తిన్నందువల్లా రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు దయచేసి ఆ తల్లిని ఆ మాట అనకండి.

వందేళ్ల కిందట ఈ జబ్బు వచ్చిన పిల్లలకు తిండి బాగా తగ్గించి, కొన్నాళ్లు ప్రాణం నిలబెట్టేవారు, అంతే. కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయి 30 కిలోలు కూడా లేడు. 1922 జనవరి 11న, పరిశోధకులు ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ పశువుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ రసాన్ని డాక్టర్లు అతనికి ఎక్కించారు. పెద్దగా ఫలితం లేదు, సూది గుచ్చిన చోట చీముగడ్డ లేచింది. వాళ్ల తోటి పరిశోధకుడు జేమ్స్ కొలిప్ ఆ రసాన్ని శుద్ధి చేశాక 23న మళ్లీ ఇచ్చారు. చక్కెర దిగింది. ఆ అబ్బాయి మరో 13 ఏళ్లు బతికాడు. మనం బాలల దినోత్సవం జరుపుకునే నవంబర్ 14 బాంటింగ్ పుట్టినరోజు. ప్రపంచ మధుమేహ దినం కూడా అదే.

ఇన్సులిన్ ఒక ప్రొటీన్. మింగితే పప్పులాగే అరిగిపోతుంది, అందుకే సూది తప్పదు. ఎవరో పసరు మందు ఇస్తామన్నారని సూది ఆపేయడం ఎంత ప్రమాదమో ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు. జ్వరం వచ్చి తినకపోయినా పూర్తిగా మానకండి, మోతాదు డాక్టరును అడగండి. ఇంకొకటి, మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదు రెండు రెట్లకు పైగా తేడా వస్తుంది. మందుల షాపులోనే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

సూది వేసుకుని తినడం ఆలస్యమైనా, బాగా ఆడినా షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తాయి. మీటర్‌లో 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మరీ చిన్నవాళ్లకు ఎంత ఇవ్వాలో డాక్టరు చెబుతారు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

బడి సంచిలో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ ఉండాలి. అది ఏ అరలో ఉందో టీచరుకూ, పక్కన కూర్చునే స్నేహితురాలికీ కూడా తెలిసి ఉండాలి.

సెలవు. నమస్కారం.