పుల్లలూరు వెళ్లొచ్చాం, వందవాసి కూడా

పద్మ: అందరికీ నమస్కారం. మొన్న మన బ్యాచ్‌తో వెళ్లిన యుద్ధభూముల యాత్ర గురించి ఇవాళ. పుల్లలూరు, వందవాసి, ఆ తర్వాత శ్రీరంగపట్నం. మూడూ చెప్పేస్తాం.

శ్రీధర్: చందుర్తి?

పద్మ: చందుర్తి లేదు. టీ నగర్‌లో వ్యాన్ ఎక్కినప్పుడు మొదలెట్టాడండీ, శ్రీపెరుంబుదూరు దాటేదాకా అదే పాట. పులిహోర మాస్టారు నిద్రపోయి బతికిపోయారు.

శ్రీధర్: ఆయన నిద్ర సంగతి మనకు తెలీదా వదినా.

పద్మ: తెలుసు, వద్దులే. పుల్లలూరు కంచికి ఉత్తరాన. మైసూరు హైదరలీ, ఈస్టిండియా కంపెనీ రెండుసార్లు తలపడ్డ చోటు. పొలాల మధ్య రెండు రాతి స్తంభాలు. మనవాళ్లు కంపెనీ కల్నల్ బెయిలీవే అనుకుని వరసగా ఫొటోలు దిగారు. కావు. ఒకటి కెప్టెన్ జేమ్స్ హిస్లాప్‌ది, ఇంకోటి లెఫ్టినెంట్ కల్నల్ జార్జ్ బ్రౌన్‌ది. ఇద్దరూ పోయింది 1781 ఆగస్టు 27న, అక్కడ జరిగిన రెండో యుద్ధంలో. బెయిలీ చిత్తుగా ఓడింది అంతకు ముందేడు, 1780 సెప్టెంబరు 10న.

శ్రీధర్: కలిసొచ్చిన చోటని హైదరలీ మళ్లీ అక్కడే కాచుకున్నాడంటారు.

పద్మ: రెండోసారి కలిసిరాలేదు. కంపెనీ సేనాని ఐర్ కూట్ వెనక్కి నెట్టాడు.

శ్రీధర్: అసలు బెయిలీ సైన్యం ఎక్కణ్ణుంచి బయల్దేరింది? గుంటూరు నుంచి.

పద్మ: వచ్చేశాడు.

శ్రీధర్: చెప్పనివ్వండి. 1779లో నిజాం సోదరుడు బసాలత్ జంగ్ దగ్గర కంపెనీవాళ్లు గుంటూరు సర్కారును కౌలుకి పుచ్చుకున్నారు. అటు వెళ్లిన పటాలమే ఇది. హైదర్ దండెత్తాడని కబురొస్తే దక్షిణానికి నడిచారు. ఆగస్టు 25న కొసస్థలై ఏటి దగ్గరికొచ్చారు. ఏట్లో నీళ్లు లేవు, దాటేయొచ్చు. బెయిలీ దాటలేదు, ఉత్తరపు ఒడ్డునే గుడారాలు వేయించాడు. తెల్లారేసరికి ఏరు పొంగింది. సెప్టెంబరు వచ్చేదాకా అవతలికి పోలేకపోయారు.

పద్మ: నీ కోపమంతా ఆ ఒక్క రాత్రి మీదే. కంచిలో బెయిలీని కలుపుకోవాల్సిన జనరల్ మన్రోని అడగవేం? బక్సర్ గెలిచిన మొనగాడు కదా. పేరంబాక్కం దగ్గర 6వ తేదీన టిప్పు కాల్పులు మొదలెడితే కంచిలో ఉన్నాయనకి వినిపించాయి. కదిలాడా? ఫ్లెచర్ని ఇచ్చి ఓ వెయ్యి మందిని పంపి ఊరుకున్నాడు.

శ్రీధర్: పెద్ద ఫిరంగులు, ధాన్యం వదిలేసి ఎట్లా వెళ్తాడండీ?

పద్మ: చివరికి వాటిని ఏం చేశాడు? కంచి గుడి కోనేట్లోకి తోయించి చెంగల్పట్టు దారి పట్టాడు! ఆ పనేదో నాలుగు రోజుల ముందు చేసుంటే?

శ్రీధర్: ముందు చేసుంటే తిండి లేక చచ్చేవాళ్లు.

పద్మ: అసలు కలుసుకోడానికి కంచి ఎందుకు? మద్రాసుకే రమ్మనొచ్చుగా. బెయిలీ మద్రాసుకి దగ్గర్లోనే ఉన్నాడు.

శ్రీధర్: చెన్నపట్నం ఆడపడుచు మద్రాసును వదుల్తుందా!

పద్మ: ఎకసెక్కాలొద్దు, జవాబు చెప్పు.

శ్రీధర్: చెప్పేదేముంది, మొండితనం. అయినా 9వ తేదీ రాత్రి బెయిలీ దారిలో ఆగాడు చూడండి, అదీ...

పద్మ: మళ్లీ రాత్రి!

శ్రీధర్: ఆగకపోతే మన్రోని చేరేవాడు వదినా. తెల్లారాక హైదర్ మొత్తం సైన్యంతో మీద పడ్డాడు. రాకెట్లు. మందుగుండు బళ్లు పేలిపోయాయి. ఇంకేముంది.

పద్మ: ఊఁ.

శ్రీధర్: ఏంటి, మెత్తబడ్డారు?

పద్మ: మాస్టారు గుర్తొచ్చారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, చెక్కిన అక్షరాల మీద వేలు జరుపుతూ స్తంభం చుట్టూ తిరిగారు. గట్టు మీద మేక ఒకటి ఆయన సంచీ లాగుతోంది, పట్టించుకోలేదు. ‘సిపాయిల పేర్లు ఏ వైపున్నాయమ్మా’ అన్నారు.

శ్రీధర్: ఏ వైపూ లేవు.

పద్మ: దొరలకైతే ఉన్నాయి. బెయిలీ 1782లో శ్రీరంగపట్నం చెరలో పోతే, 1816లో చుట్టాలు అక్కడే హైదర్, టిప్పుల సమాధి గుంబజ్ దగ్గర సమాధి మండపం కట్టించారు. తర్వాత బెంగళూరు ముట్టడిలో పోయిన కంపెనీ అధికారి మూర్‌హౌస్‌కి మన మద్రాసు కోటలో, సెయింట్ మేరీస్ చర్చిలో పాలరాయి ఉంది.

శ్రీధర్: బెంగళూరులో కార్పొరేషన్ ముందు స్తంభం కూడా ఉండేది. 1964లో పడగొట్టారు. నన్నడిగితే పడగొట్టడం దండగ. పక్కన ఇంకో రాయి పాతాలి. ‘గుంటూరు నుంచి నడిచొచ్చినవారు’ అని.

పద్మ: అందరూ గుంటూరు వాళ్లేనా? పటాలం అక్కడుందంతే. అరవవాళ్లు ఉంటారు, తురకలు ఉంటారు.

శ్రీధర్: నడిచింది గుంటూరు నుంచేగా!

పద్మ: హైదర్ వైపు చచ్చినవాళ్లకో?

శ్రీధర్: వాళ్లకీ పాతుదాం. చందుర్తిలో కూడా ఒకటి. 1758 డిసెంబరు, కంపెనీ కల్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు ఆనంద గజపతి కలిసి ఫ్రెంచివాళ్లని...

పద్మ: వందవాసి! 1760 జనవరి 22, కూట్ చేతిలో ఫ్రెంచి సేనాని లాలీ ఓడిపోయాడు, దక్షిణాదిలో ఫ్రెంచివాళ్ల పని అక్కడితో సరి. మిగిలిన కోట గోడ ఎక్కొద్దంటే ఎక్కారు. ఎవరో చెప్పను.

శ్రీధర్: గోడ మీంచి చూస్తేగా మైదానం తెలిసేది.

పద్మ: చెప్పు తెగింది కూడా చెప్పనా?

శ్రీధర్: శ్రీరంగపట్నానికి రండి వదినా. టిప్పు వేసవి మహల్ దరియా దౌలత్ గోడ మీద ఈ పుల్లలూరు యుద్ధం బొమ్మే. మధ్యలో పల్లకీలో బెయిలీ, పక్కన మందుబండి పేలుతూ. చూస్తే నేనన్నదే కరెక్టని...

పద్మ: బొమ్మలో ఏరు ఉందా?

శ్రీధర్: ఏరెందుకుంటుంది?

పద్మ: మరి నీ వాదన ఎక్కడుంది?

శ్రీధర్: ఆగండి, మాస్టారు ఫోన్ చేస్తున్నారు. వ్యాన్ డబ్బుల సంగతి అనుకుంటా.

పద్మ: ఎత్తు. ముందు మైకు ఆపు.