పియానోని కాసేపు పక్కన పెట్టండి

[తెర నల్లగా ఉంటుంది. పియానో ఒక్కటే మోగుతుంది. మెల్లగా మొదలై, ఒక్కో దెబ్బకీ శబ్దం పెరుగుతుంది.]

ఎక్కడో దూరంగా గంట మోగుతున్నట్టు లేదూ? ఇది రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రెండో పియానో కాన్చెర్టో, 1901 నాటిది. కాన్చెర్టో అంటే ఒక వాద్యం ముందు నిలబడి, ఆర్కెస్ట్రాతో కలిసి నడిపే పెద్ద రచన. సాధారణంగా మూడు భాగాలుంటాయి. ప్రస్తుతానికి ఇంత తెలిస్తే చాలు.

ఇప్పుడు ఆ గంటలు ఆగాక ఏమవుతుందో చూడండి.

[ఆర్కెస్ట్రా అందుకుంటుంది.]

అసలు ట్యూన్ వచ్చేసింది. వాయిస్తున్నదెవరు? వయొలిన్లు, వాటికి తోడుగా వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి), ఒక క్లారినెట్. పియానో కింద అలలు అలలుగా స్వరాలు పరుస్తోంది, అంతే. పేరేమో పియానో కాన్చెర్టో, తీరా ట్యూన్ వచ్చేసరికి పియానోదే పక్కవాద్యం! ఇది గమనించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చెవి ఎప్పుడూ వేళ్ల స్పీడ్ మీదే ఉండేది మరి.

అందుకే ఒక చిన్న పని చెప్తాను. ఈ మొదటి రెండు నిమిషాలే, రెండు రికార్డింగుల్లో వినండి. ఒకటి 1929లో రఖ్మానినోవ్ స్వయంగా వాయించినది, స్టొకోవ్‌స్కీ కండక్టర్‌గా (అంటే ఆర్కెస్ట్రాని నడిపించేవాడిగా), ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో. రెండోది 1959లో పియానిస్ట్ రిక్టర్ వార్సా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో చేసినది.

రిక్టర్ ఒక దెబ్బ కొట్టి, అది గాల్లో కరిగేదాకా ఆగుతున్నట్టుంటుంది. రఖ్మానినోవ్ మాత్రం ఎక్కడా నానబెట్టడు. రాసినవాడు అలా వాయించాడు కాబట్టి అదే కరెక్టు అనుకోనక్కర్లేదు. నా ఓటు గంటల దగ్గర రిక్టర్‌కి, ట్యూన్ దగ్గర రఖ్మానినోవ్‌కి. పాత రికార్డులో బరబర ఉంటుంది. కంగారుపడకండి, కాసేపటికి చెవి దాన్ని వదిలేస్తుంది.

ఒక్కోసారి ఈ తేడా స్టేజీ మీదే బయటపడుతుంది. 1962లో న్యూయార్క్‌లో బ్రామ్స్ మొదటి పియానో కాన్చెర్టోకి ముందు, కండక్టర్ బెర్న్‌స్టైన్ ప్రేక్షకుల వైపు తిరిగి, పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ ఎంచుకున్న నిదానంతో తాను ఏకీభవించడం లేదని చెప్పేశాడు. చెప్పి, ఆ నిదానంలోనే నడిపించాడు. ఆ మాటలతో సహా రికార్డింగ్ దొరుకుతుంది.

[వయొలిన్ ఒంటరిగా.]

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు. మెండెల్సన్ వయొలిన్ కాన్చెర్టో, 1845, లైప్‌జిగ్. వయొలిన్ ఒంటరిగా విన్యాసం చేసే ఘట్టాన్ని కడెంజా అంటారు. అది అప్పట్లో మామూలుగా భాగం చివర్లో వచ్చేది. మెండెల్సన్ దాన్ని తెచ్చి మధ్యలో పెట్టాడు. విల్లు నాలుగు తీగల మీదా గెంతుతూ ఉంటే, ఆర్కెస్ట్రా చప్పుడు లేకుండా మొదటి ట్యూన్‌తో లోపలికొస్తుంది. వయొలిన్ గెంతడం ఆపదు. ఇక్కడా అంతే, హీరో చల్లగా పక్కవాద్యం అయిపోయాడు.

మొదటి భాగం ఆర్భాటంగా ముగుస్తుంది. అందరూ ఆగిపోతారు, ఒక్క బస్సూన్ (లోతైన గొంతున్న పొడవాటి ఊదే వాద్యం) తప్ప. అది ఒకే స్వరం పట్టుకుని నిలబడి, అర మెట్టు పైకెక్కి, నేరుగా రెండో భాగంలోకి తీసుకెళ్తుంది. చప్పట్లకి సందే ఉండదు. మీ యాప్‌లో ట్రాక్‌కీ ట్రాక్‌కీ మధ్య గ్యాప్ వస్తుంటే సరిగ్గా ఆ స్వరమే తెగిపోతుంది. ముందు సెట్టింగ్స్‌లోకెళ్లి దాన్ని తీసేయండి.

[ఆర్కెస్ట్రా ఆగుతుంది. బస్సూన్ ఒక్కటే.]

అదిగో.